నీళ్లు నిలవని పలక

గాజు జాడీ మూత ఎప్పటిలాగే బిగుసుకుని ఉంది. పంపుతో లాగేసిన గాలి లాగేసినట్టే ఉంది. ఎవరూ ముట్టుకున్న జాడ లేదు.

కానీ లోపల ఉండాల్సిన ఆరు పలకల్లో ఐదే ఉన్నాయి.

బుధవారం ఉదయం ఎనిమిదిన్నరకు కెజియా ఆ సంగతి చూసింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. మూడోసారి చూడలేదు. జాడీ పక్కనే నేల మీద కూలబడింది.

పోయింది అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన గాజు ముక్క. బూడిద రంగు పూత వేసి ఉంటుంది. రోడ్డు మీద పడేస్తే పాత సామాన్లవాడు కూడా వంగి తీయడు. అయితే కెజియా ఆరేళ్ల పీహెచ్‌డీకి మిగిలిన సాక్ష్యం అదొక్కటే.

పదకొండింటికి మహేందర్ వచ్చాడు.

ఒకప్పుడు క్రైమ్ ఇన్‌స్పెక్టర్. ఇప్పుడు మాదాపూర్‌లో ఒంటిగది డిటెక్టివ్ ఏజెన్సీ. చేసేదంతా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్. ఉద్యోగానికి వచ్చినవాళ్ల ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్లలో ఏది అసలు, ఏది అమీర్‌పేట్ సరుకు అని తేల్చడం. హత్యలు చూసిన కళ్లకు అది పెద్ద పని కాదు. కానీ ఇల్లు గడుస్తుంది.

రాయదుర్గంలో ఓ అద్దాల మేడ. కింద అంతస్తులన్నీ సాఫ్ట్‌వేర్ కంపెనీలు. ఐదో అంతస్తులో ఆ పరిశోధన సంస్థ. లిఫ్టులో ఉన్న కుర్రాళ్లందరూ నాలుగులోపే దిగిపోయారు. ఐదుకు వెళ్లింది మహేందర్ ఒక్కడే. తడిసిన రెయిన్‌కోటు చేతిలో పట్టుకుని ప్రొఫెసర్ పార్థసారథి గదిలోకి అడుగుపెట్టాడు.

"కూర్చోండి మహేందర్ గారూ. పోలీసులను పిలిస్తే పేపర్‌కెక్కుతుంది. అందుకే మిమ్మల్ని పిలిచాను."

"మీరు చేసే పనేంది సార్, ముందు అది చెప్పండి."

"ఇంటర్‌ఫేషియల్ సైన్స్. రెండు పదార్థాలు ఒకదాన్నొకటి తాకే చోట ఏం జరుగుతుందో చూస్తాం. నీరూ గాజూ, నూనే నీరూ, అలా."

"అంటే సరిహద్దు తగాదాలు."

పార్థసారథి నవ్వలేదు. ఆయన నవ్వి చాలా కాలమైనట్టుంది.

"కెజియా అని మా రీసెర్చ్ స్కాలర్. వరి ఊకను కాల్చి, ఆ నల్లపొడితో పూత తయారుచేస్తుంది. ఆ పూత మీద నీరు నిలవకూడదు. నీరు నిలవకపోతే ఇనుము తుప్పు పట్టదు. ముందు గాజు పలకల మీద వేసి చూస్తాం."

"తామరాకు మీద నీటిబొట్టు లెక్క?"

"సరిగ్గా అలాగే. ఆరేళ్లుగా వేస్తోంది. నీళ్లు నిలుస్తూనే ఉన్నాయి. మొన్న దసరాకు ఒక్క పలక మీద మాత్రం నిలవలేదు. చుక్క వేస్తే ముత్యంలా దొర్లిపోయింది."

"తర్వాత?"

"తర్వాత ఎన్నిసార్లు చేసినా రాలేదు. అదొక్కటే పలక."

శుక్రవారం పీహెచ్‌డీ తేల్చే కమిటీ వస్తోంది. స్పిరిట్‌లో ముంచిన దూదితో పలకను రుద్ది, మళ్లీ చుక్క వేసి చూస్తారు. అప్పుడూ నీరు దొర్లితే పూత గట్టిదని లెక్క. ఉన్నది ఒక్క పలకే కాబట్టి పాడవుతుందేమోనని ఇన్నాళ్లూ ఎవరూ రుద్దే సాహసం చేయలేదు. ఆ పరీక్ష నెగ్గితే కెజియాకు పీహెచ్‌డీ, వెంటనే రెండేళ్లపాటు జీతమిచ్చే పోస్ట్‌డాక్ ఫెలోషిప్. ఒక్కటే సీటు. దాదాపు ఆమెకే ఖాయం.

"ఒక్కసారే వచ్చిన ఫలితం," అన్నాడు పార్థసారథి. "మళ్లీ రాదు. పరీక్షకు రెండ్రోజుల ముందు పలక మాయం. మీరైతే ఏమనుకుంటారు?"

"ఫలితమే దొంగదనుకుంటా."

"కమిటీ కూడా అదే అంటుంది. రేపు సాయంత్రం ఐదింటి వరకు చూస్తాను. తేలకపోతే మిస్‌కండక్ట్, అంటే పరిశోధనలో మోసం కింద రిపోర్టు పంపాలి. ఆమె రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఇంకెక్కడా ఎవరూ చేర్చుకోరు."

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కిటికీ వైపు చూశాడు. అలా చూసే మనుషులు చెడ్డవాళ్లు కారని, అలాగని అడ్డుపడేవాళ్లూ కారని మహేందర్‌కు సర్వీసులోనే తెలిసింది.

ల్యాబ్ తలుపు కార్డు పెడితేనే తెరుచుకుంటుంది. కార్డులు నాలుగు. పార్థసారథి, కెజియా, మధుకర్ అనే మరో స్కాలర్, రోహిణి అనే సీనియర్ పోస్ట్‌డాక్. మంగళవారం సాయంత్రం ఆరింటికి కెజియా పలకను ఆఖరిసారి చూసింది. ఆ తర్వాత నలుగురూ ఒకసారైనా ఆ గదిలోకి వచ్చి వెళ్లారు. కార్డులు చెప్పింది అంతే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మహేందర్ ఈశ్వరుడు కాడు, గంటల లెక్కన ఫీజు తీసుకునే మనిషి.

ముందు కెజియాను కూర్చోబెట్టాడు.

"ఏ ఊరమ్మా?"

"చీరాల దగ్గరండి. ఇక్కడ మణికొండలో హాస్టల్."

"రిజిస్ట్రేషన్ ఎప్పటిదాంక ఉంది?"

"డిసెంబరుతో అయిపోతుందండి. ఒకసారి పొడిగించారు. ఇంక పొడిగించరు."

"ఈ ఫెలోషిప్ రాకుంటే?"

"దాని గురించి ఆలోచించనండి. ఆలోచిస్తే పొద్దున్నే లేవలేను."

"పలక నువ్వే తీసినవా?"

ఆమె అతని మొహంలోకి చూసింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి.

"అది నా దగ్గరుంటే దిండు కింద పెట్టుకుని పడుకునేదాన్నండి."

"శుక్రవారం పరీక్ష అంటే భయం లేదా?"

"ఎందుకుండదండి? భయమే. కానీ జరగాలనే ఉంది. అది నిజమో కాదో నాకూ తెలియాలి కదండీ. ఆరేళ్లయింది."

దొంగలు చాలా మాటలు చెబుతారు. ఇలాంటి మాట మాత్రం మహేందర్ ఏ దొంగ నోటా వినలేదు.

"దసరాకు ఆ పలక ఎట్ల చేసినవో చెప్పు."

"ఎప్పటిలాగేనండి. ఆరు పలకలకు పూత వేసి ఓవెన్‌లో కాల్చాను. దుమ్ము పడకుండా పూత వైపు కిందికి ఉండేలా జాలీ మీద పెడతాను. ఓవెన్ ఆపేసి, చల్లారాలని తలుపు కాస్త తెరిచి, సెలవులని ఊరెళ్లిపోయాను. వచ్చి చూస్తే ఐదు మామూలే. ముందు వరసలో ఉన్నదొక్కటే..." ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ఆ రోజు గదిలో ఒక్కదాన్నే ఉండి పాట పాడుకున్నానండి."

తర్వాత మధుకర్. జనగామ వైపు కుర్రాడు. వేళ్లు ఊరికే ఉండవు, బల్ల మీద తాళం వేస్తుంటాయి.

"ఆమెకు రాకుంటే ఆ సీటు నీకే కద?"

"నాకా? మీరు భలే చెప్తరు సార్. ఆమెకు ఇయ్యకుంటే సీటే ఎత్తేస్తరు. పోయినేడు గట్లనే చేసిండ్రు. మేం కొట్లాడుకునేటందుకు కూడా ఏం లేదు ఇక్కడ."

"మంగళారం సాయంత్రం గదికెందుకు పోయినవ్?"

"నా జాడీల సాంపిల్ పెట్టనీకి. అగో, అది నాది."

మహేందర్ వెళ్లి ఆ జాడీ మూత ఎత్తాడు. సులువుగా వచ్చేసింది.

"దీంట్ల గాలి తీసెయ్యలేదేంది?"

మధుకర్ తల గోక్కున్నాడు. "మర్చిపోత సార్. రోజూ తిట్లే నాకు. రోహిణి మేడమ్ అయితే చెవి మెలిపెడ్తది."

మహేందర్ గది కలియజూశాడు. పంపు, నాలుగు జాడీలు, ఓ మైక్రోస్కోపు, గోడ పక్కన ఓవెన్. ఓవెన్ నుదుట పసుపూ కుంకుమ. పైన ఎండిపోయిన బంతిపూల దండ. తలుపు పైఅంచున చిన్న నల్లమచ్చ.

"ఆయుధ పూజ చేసిండ్రా?"

"ప్రతి ఏడు చేస్తం సార్. రోహిణి మేడమే హారతి ఇస్తది. కెజియా ఊరికి పోయినంక చేస్తం. ఆమె చర్చికి పోయేటామె. ఉంటే ఇబ్బంది పడ్తదని."

మహేందర్ తలూపి ముందుకు కదిలాడు. హైదరాబాద్‌లో అలాంటి బొట్టూ మచ్చా లేని యంత్రం ఏదని? అతని బండికీ ఉన్నాయి.

రోహిణికి నలభై నిండబోతున్నాయి. పుట్టింది తెల్లాపూర్‌లో.

"మా ఇల్లున్న జాగల ఇప్పుడు గేటెడ్ కమ్యూనిటీ వాళ్ల స్విమ్మింగ్ పూల్ ఉంది సార్," అంది పరిచయంగా. "మా నాయిన అమ్ముకున్నడు. నేను సదువుకున్న. ఇద్దరం ఒక్క తీర్గనే మిగిలినం."

"పోస్ట్‌డాక్ ఎన్నేండ్ల సంది?"

"పదకొండు. ఏడాదికోసారి రెన్యువల్. ఫ్యాకల్టీ ఉద్యోగానికి వయసు దాటింది. ఇగ బయటికి పోతే ఏం పని చేస్తనో నాకే తెల్వదు."

"పలక ఎవరు తీసిండ్రనుకుంటున్నవమ్మా?"

"ఎవరు తీస్తేంది సార్?" రోహిణి బల్ల మీద లేని దుమ్మును తుడిచింది. "దొంగతనం అని రాసియ్యండి. అట్లయితే కమిటీ రిజిస్ట్రేషన్ ఇంకో ఆర్నెల్లు పొడిగిస్తది. ఆ పిల్ల మళ్ల చేసుకుంటది."

"దొంగతనం ఆ పిల్ల మీదికే వస్తుంది కద?"

రోహిణి చేయి ఆగిపోయింది. "ఆమె మీదికా? ఎవరన్నరు?"

"మీ ప్రొఫెసర్ సాబ్."

ఆమె పెదాలు బిగించి, తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. దొంగకు తేలు కుట్టినట్టు అన్న సామెత మహేందర్‌కు గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకు అతనికేమీ సంతోషం కలగలేదు.

మధ్యాహ్నం పార్థసారథిని జాడీ దగ్గరకు పిలిచాడు. కెజియా ఐదు పలకలనూ మళ్లీ లోపల పెట్టి గాలి లాగేసి ఉంచింది.

"సార్, దీన్ని జర తెరువుండ్రి."

పార్థసారథి మూత పట్టుకుని లాగాడు. మూత రాలేదు. జాడీ మొత్తం లేచింది.

"ఏదో తిప్పాలి కదూ," అన్నాడు కాస్త సిగ్గుపడి. "ఈ పనులు పిల్లలే చూసుకుంటారు."

"దొంగ మూత తీసినంక మళ్ల బిగించి, పంపు పెట్టి, గాలంత లాగి పోయిండు. ఎందుకు?"

"ఎవరికీ తెలియకూడదని?"

"పలక లేదని గాజులోంచే కనబడ్తది కద సార్. దాచేది ఏముంది? దొంగ పోతా పోతా ఇల్లు ఊడ్చి పోడు. ఈ దొంగ ఊడ్చిండు. ఎందుకంటే లోపల ఇంకా ఐదు పలకలున్నయి. గాలి తగిలితే పాడైతయి. పనికిరాని పలకలే అయినా ఆ చేతులు ఊకోలే. అలవాటు. మధుకర్‌కు ఆ అలవాటు లేదు. మీకు పంపే తెల్వదు."

"అంటే మిగిలింది..."

"ఇద్దరు."

"రోహిణికి పలకతో పనేముంది?" పార్థసారథి నిట్టూర్చాడు. "కెజియాకే ఉంది. నేను అనుకున్నదే అయింది."

తన తర్కమే ఆ పిల్ల మెడకు ఉచ్చయి బిగుసుకుందని మహేందర్‌కు అప్పుడు అర్థమైంది. ఒక మనిషిని తప్పించబోయి ఇంకాస్త లోపలికి నెట్టాడు. తిట్టుకుంటూ లిఫ్టు దిగాడు.

సాయంత్రం మెట్రో పిల్లర్ దగ్గర టీ కొట్టు. రేకుల షెడ్డు. వాన దంచుతోంది. ఐకియా వైపు వెళ్లే కార్లన్నీ రోడ్డు మీద ఇరుక్కుపోయి హారన్లు కొడుతున్నాయి. కొట్టు నడిపే కనకలక్ష్మి గోడకున్న లక్ష్మీదేవి పటం ముందు కర్పూరం వెలిగించి, గల్లాపెట్టెకూ హారతి చూపించింది.

మహేందర్ చాయ్ చప్పరిస్తూ ఊరికే చూస్తున్నాడు.

పటం పైన రేకు మీద నల్లటి మసి. రోజూ హారతి పొగ తగిలి పేరుకున్న మసి. రేకుల సందులోంచి వాన నీరు కారుతోంది. మిగతా గోడంతా తడిసి చారలు కట్టింది. మసి పట్టిన చోట మాత్రం నీరు అంటుకోలేదు. గుండ్రటి చుక్కలై దొర్లి కింద పడుతోంది.

ముత్యాల్లా.

మహేందర్ గ్లాసు కింద పెట్టాడు. లేచి వేలితో ఆ మసిని రుద్దాడు. వేలు నల్లబడింది. రుద్దిన చోట పడిన తర్వాతి చుక్క దొర్లలేదు. చదునుగా పరుచుకుపోయింది.

"ఓ సార్, పటం జోలికి ఎందుకు పోతున్నవ్?" కనకలక్ష్మి కసిరింది.

"తప్పయిందమ్మా."

ఓవెన్ తలుపు పైఅంచున నల్లమచ్చ. కాస్త తెరిచిన తలుపు. కిందికి బోర్లించిన పలకలు. ముందు వరసలో ఉన్నదొక్కటే. పొద్దున అన్నీ అతని కళ్ల ముందే ఉన్నాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్న మచ్చ కాబట్టి కన్ను దాని మీద ఆగలేదు.

కేసు తేలింది. పాత రోజుల్లో అయితే కానిస్టేబుళ్లందరికీ చాయ్ చెప్పేవాడు. ఇప్పుడు ఉన్న చాయ్ కూడా గొంతు దిగలేదు. తాను చెప్పబోయే నిజం ఆ పిల్లను దొంగతనం నుంచి తప్పిస్తుంది. అదే నిజం ఆమెకున్న ఒక్క పలకనూ తినేస్తుంది. చెప్పకుండా ఎలా ఉండగలడు? చెప్పకపోతే రిపోర్టు, చెబితే మసి. ఇంత పనికిమాలిన గెలుపు అతనికి ఎప్పుడూ రాలేదు.

గురువారం రెండింటికి కెజియాను పట్టుకున్నాడు.

"చెడిపోయిన పలకలు ఏం చేస్తరమ్మా?"

"పడేయమండి. స్టోర్ గదిలో అట్టపెట్టెల్లో ఉంటాయి. ఆరేళ్లవీ ఉన్నాయి."

"నీళ్లు, చుక్కల గొట్టం పట్టుకొని రా. ఐదు పనికిరాని పలకలకు గాలి తగులొద్దని చూసిన మనిషి మంచి పలకను చెత్తబుట్టల వెయ్యదు. పలకలున్న చోటనే పెడ్తది."

స్టోర్ గదిలో ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. అట్టపెట్టె నిండా ఒకే రంగు పలకలు. ఒక్కొక్కటీ తీసి చుక్క వేయడం, అది పరుచుకుపోవడం చూడటం, పక్కన పెట్టడం. కెజియా ఆరేళ్లూ ఆ గది నేల మీద పేరుకుంటూ పోయాయి.

"ఇది మా నాన్నగారు చనిపోయిన వారం నేను చేసిందండి," అంది ఒకదాన్ని చూసి. చుక్క వేసింది. పరుచుకుపోయింది.

రెండో పెట్టె సగమయ్యేసరికి ఒక చుక్క పలక మీద పడి, నిలవకుండా, జారి ఆమె ఒళ్లో పడింది.

కెజియా కదల్లేదు. ఇంకో చుక్క వేసింది. అదీ దొర్లిపోయింది.

"దొరికిందండీ!" పలకను రెండు చేతుల్లో పట్టుకుని పసిపిల్లలా నవ్వింది. "సార్, దొరికిందండీ! రేపు పరీక్ష పెట్టుకోవచ్చండి!"

మహేందర్‌కు ఆ నవ్వు చూడబుద్ధి కాలేదు.

"బిడ్డా, ఓ మాట. ఆయుధ పూజ రోజు నువ్వు ల్యాబ్‌ల లేవు కద?"

"లేనండి. ఎప్పుడూ ఉండను. ఎందుకండి?"

"నాకో అనుమానం ఉంది. అది తప్పయితే బాగుండని నాకే ఉంది. రా, అందర్నీ కూసోబెడ్దాం."

నాలుగింటికి కాన్ఫరెన్స్ గది. బల్ల చుట్టూ నలుగురు. మధ్యలో పలక. అది చూడగానే రోహిణి కళ్లు మూసుకుంది.

"ఎక్కడ దొరికింది?" పార్థసారథి లేచి నిలబడ్డాడు.

"ఎక్కడికీ పోలే సార్. తన తోటి పలకల్లనే ఉంది. ఎవరు తీసిండ్రన్నది తర్వాత. ఎందుకు తీసిండ్రన్నది ముందు. మధుకర్, పూజ రోజు హారతి పళ్లెం ఏడ పెట్టిండ్రు?"

మధుకర్ తాళం ఆపాడు. "మేడమ్ మిషన్లన్నిటికీ హారతి చూపిచ్చింది సార్. ఆఖరుకు ఓవెన్. అంతల కొబ్బరికాయ కొట్టాలె కద, చేతులు ఖాళీ లెవ్వు. ఓవెన్ తలుపు తెరిచే ఉంది. పళ్లెం ఆ కింది అరల పెట్టింది. కర్పూరం ఆడనే కాలిపోయింది."

"పైన ఏమున్నయి?"

"జాలీ. దాని మీద..." కుర్రాడి నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"దాని మీద బోర్లించిన పలకలు," అన్నాడు మహేందర్. "కర్పూరం పొగ నేరుగా ముందు వరస పలకకు తగిలింది. మసి పట్టింది. కర్పూరం మసి మీద నీళ్లు నిలువవు. నిన్న చాయ్ కొట్టుల నా కండ్లతోని చూసిన. ఓవెన్ తలుపుకు అదే మసి ఇంకా ఉంది. పోయి చుక్క ఏసి చూడుండ్రి."

"మైక్రోస్కోపులో చూశాం కదా!" పార్థసారథి గొంతు పెరిగింది.

"ఏం కనబడ్డది సార్?"

"కార్బన్." ఆయన మెల్లగా కూర్చున్నాడు. "ఊక బొగ్గూ కార్బనే. మసీ కార్బనే."

ఎవరూ కెజియా వైపు చూడలేదు.

"ఈ సంగతి మీలో ఒకళ్లకు ముందే తెలిసింది," అన్నాడు మహేందర్. "హారతి ఇచ్చిన మనిషికే తెలుస్తది."

"సోమారం తెలిసింది." రోహిణి కళ్లు తెరవకుండానే మాట్లాడింది. "ఓవెన్ తుడుస్తుంటే తలుపు మసి మీద నీళ్లు జారినయి. గుండె ఆగినంత పనైంది. ఒక ఖాళీ గాజుకు కర్పూరం పొగ పట్టించి చూసిన. అచ్చం గట్లనే దొర్లింది. శుక్రారం దూదితోని రుద్దితే మొత్తం పోతది. ఫలితం పోతే ప్రాజెక్టు పోతది. నా రెన్యువల్ కూడ దాని మీదనే ఉంది సార్. పలక పోయిందంటే టైమిస్తరనుకున్న. ఆ టైంల నిజమైన పూత ఏదన్న వస్తదేమోననుకున్న."

"ఆమె మీదికి వచ్చిందని నిన్ననే తెలిసింది కద?"

"తెలిసింది."

"మరి?"

"చెప్దామని రెండుసార్లు ప్రొఫెసర్ సార్ గది దాంక పోయిన. బయటికి పోయి నేనేం చేస్తనో తెల్వక మర్లిపోయిన." ఆమె కళ్ల వెంట నీళ్లు కారాయి. "సిగ్గు లేనిదాన్ని అనుకోండ్రి."

పదకొండేళ్లు ఏడాదికోసారి బతికిన మనిషిని తిట్టడానికి మహేందర్‌కు నోరు రాలేదు.

"ఇదంతా అనుమానమే కదండీ," అంది కెజియా.

అందరూ ఉలిక్కిపడ్డారు. ఆమె గొంతు చాలా మామూలుగా ఉంది.

"నా పూత కూడా కింద ఉంది కదండీ. మసి పోయినా అది పనిచేస్తుందేమో. చూడాలి కదా."

"రేపు కమిటీ ముందే చూద్దాం," అన్నాడు పార్థసారథి. "తొందరేముంది?"

"వద్దు సార్. నాకు ఇప్పుడు తెలియాలి."

దూది తెచ్చింది. స్పిరిట్‌లో ముంచింది. పలకను ఎడమచేత్తో అంచులు పట్టుకుని, నేర్చుకున్న పద్ధతిలోనే, ఒక చివర నుంచి రెండో చివరకు నెమ్మదిగా తుడిచింది. దూది నల్లబడింది. ఇంకోసారి తుడిచి ఆరనిచ్చింది. మధుకర్ వేళ్లు బల్ల మీద కదల్లేదు.

చుక్క వేసింది.

చుక్క పడింది. అంచులు వదిలేసి పలక మీద పరుచుకుపోయింది. ఆరేళ్లుగా పరుచుకుంటున్నట్టే.

కెజియా రుమాలుతో ఆ తడిని అద్ది తీసేసింది.

"మోసం జరగలేదని రాస్తాను," అన్నాడు పార్థసారథి చివరికి. "నీ మీద మచ్చ ఉండదు కెజియా. కానీ ఫెలోషిప్..." మాట పూర్తి చేయలేదు. పూర్తి చేయాల్సిన అవసరం ఆ గదిలో ఎవరికీ లేకపోయింది.

"సార్," మధుకర్ ఆశగా ముందుకు వంగాడు. "పోనీ కర్పూరం మసి మీదనే రాస్తే? అది కూడ నీళ్లు నిలువని పూతనే కద? థీసిస్ మార్చి రాసుకోవచ్చు కద?"

"అది ఎప్పుడో తేలిన విషయం. చాలామంది రాసేశారు. పైగా వేలితో రుద్దితే పోతుంది. దేనికీ పనికిరాదు."

"డిసెంబరు దాకా టైముంది కద సార్?"

"మధూ, ఇక వద్దులే," అంది కెజియా.

మహేందర్ రెయిన్‌కోటు అందుకున్నాడు. కొండను తవ్వి ఎలుకను పట్టినా ఎలుక అన్నా దొరికేది. ఇక్కడ పట్టుకున్నదంతా చేతికి అంటిన మసి. ఏదో ఒక మాట చెప్పాలనుకున్నాడు. ఫికర్ చేయకు బిడ్డా అనబోయాడు. ఫికర్ చేయకుండా ఎలా ఉండాలో తనకే తెలియక తలుపు వైపు నడిచాడు.

పార్థసారథి ఫోన్ మోగితే బయటికి వెళ్లాడు. మధుకర్ ఆయన వెనకే వెళ్లాడు. రోహిణి లేచి బల్ల చుట్టూ తిరిగి కెజియా పక్కకు వచ్చింది. చేయి వేయబోయి వెనక్కి తీసుకుంది.

"నన్ను తిట్టు చెల్లె. కొట్టు. ఏదన్న చెయ్యి."

కెజియా తలెత్తింది.

"అక్కా, ఆ రోజు నన్నెందుకు పిలవలేదు?"

"ఏ రోజు?"

"పూజ రోజు. ఎప్పుడూ నేను ఊరెళ్లాకే చేస్తారు కదా. ఒక్కసారి కూడా పిలవలేదు. నేనూ అడగలేదు."

"నువ్వు ఇబ్బంది పడ్తవని..." రోహిణి నసిగింది. "రమ్మంటే రాలేక, రానంటే బాగుండక... నిన్ను నొప్పియ్యొద్దని."

"నేనూ అదే అనుకునేదాన్ని. నేనుంటే మీకు ఇబ్బందేమోనని ముందే ఊరెళ్లిపోయేదాన్ని." ఆమె పలకను చేతిలోకి తీసుకుంది. "పిలవాల్సింది అక్కా. బొట్టు పెట్టుకోకపోయినా వచ్చి నిలబడేదాన్ని. హారతి ఓవెన్ దాకా వచ్చేసరికి, పలకలు తీసి పక్కన పెట్టేదాన్ని కదా."

మహేందర్ తలుపు దగ్గరే ఆగిపోయాడు.

కెజియా లేచి ల్యాబ్‌లోకి నడిచింది. గాజు జాడీ మూత తీసి, ఆరో పలకను మిగతా ఐదింటి పక్కన పెట్టింది. మూత బిగించింది. పంపు ఆన్ చేసి, లోపలి గాలి అంతా పోయేదాకా అక్కడే నిలబడింది.